హెడ్ గ్యాస్కెట్ పోయిన ఏడు

మొన్న ఏలూరులో కారు సర్వీసుకిచ్చి అద్దాల గదిలో కూర్చున్నాను. గోడ మీద టీవీ శబ్దం లేకుండా ఆడుతోంది. అవతల షెడ్డులో ఎవరో నా కారు బానెట్ ఎత్తారు. మనుషులు వస్తూ పోతూ తలుపు తెరిచినప్పుడల్లా ఆ సందులోంచి ఒక వాసన లోపలికొచ్చింది. బెల్లప్పాకం అడుగంటినప్పుడు వచ్చే వాసనలో కాస్త ఆసుపత్రి మందు కలిస్తే ఎలా ఉంటుందో అలాంటిది. రేడియేటర్ నీళ్లలో కలిపే పచ్చటి కూలెంటు వేడి ఇనుము మీద పడి కాలితే వచ్చే వాసన అది. అది నా ముక్కుకు తగిలి ఎన్నేళ్లయిందో. చదువుతున్న పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాను.

కాసేపటికి సర్వీసు అబ్బాయి ట్యాబ్ పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "మేడమ్, హెడ్ గ్యాస్కెట్ లీకవుతోందండి. టర్బో ఇంజన్ కదండీ, లోపల ఒత్తిడి ఎక్కువుంటుంది. ఇంజన్ అంటే రెండు ముక్కలనుకోండి. కింద బ్లాకు, పైన హెడ్డు. మధ్యలో పలచటి రేకులాంటిది ఉంటుందండి, అదే గ్యాస్కెట్. మంటలో నీళ్లు కలవకుండా, నీళ్లలో ఆయిల్ కలవకుండా అదే ఆపుతుంది." తెలుసు బాబూ అనబోయి ఊరుకున్నాను. అంత మర్యాదగా, అంత చక్కగా చెబుతున్నవాడిని మధ్యలో ఆపబుద్ధి కాలేదు. విప్పాక ఒకసారి చూడొచ్చా అని మాత్రం అడిగాను. "లోపలికి కస్టమర్లని రానివ్వరండి. కావాలంటే ఫొటో పంపిస్తానండి" అన్నాడు. సరే అన్నాను. అతను వెళ్లిపోయాక ఆ కుర్చీలోనే కూర్చుని చాలాసేపు మా పాత షెడ్డులోకి వెళ్లిపోయాను.

పెళ్లయిన కొత్తలో మేము ఏలూరులోనే కాలువ పక్క వీధిలో ఉండేవాళ్లం. ముందు పెంకుటిల్లు, వెనక రేకుల షెడ్డు. ఇల్లు మా అత్తగారు రాహేలమ్మగారిది. షెడ్డు మా ఆయనది. ఆయన పేరు జయరాజు. ఊళ్లో జీపులూ కార్లూ, కొల్లేరు చెరువుల నుంచి చేపలు తోలే వ్యాన్లూ ఆయన దగ్గరికి రిపేరుకు వచ్చేవి. అత్తయ్యగారు మిషను ఆసుపత్రిలో చాలా ఏళ్లు ఆయాగా చేసి రిటైరయ్యారు. ఇంటికొచ్చినా ఆసుపత్రి ఆవిణ్ణి వదల్లేదు. గడప దగ్గర డెట్టాల్ నీళ్ల బక్కెట్టు ఉండేది. షెడ్డులోంచి ఎవరొచ్చినా అందులో చేతులు ముంచకుండా వంటింటి వైపు రావడానికి వీల్లేదు. తెల్లారకముందే లేచి గట్టిగా ప్రార్థన చేసేవారు. ఇంట్లోవాళ్ల పేర్లయ్యాక చుట్టాల పేర్లు, చుట్టాలయ్యాక షెడ్డులో ఉన్న బళ్ల సంగతి. "ప్రభువా, ఆ నీలం జీపు బ్రేకులు సరిగా పడేలా చూడు తండ్రీ, పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతారు వాళ్లు" అని ఆవిడ అంటుంటే నేను దుప్పటిలో నోరు మూసుకుని నవ్వుకునేదాన్ని.

గ్యాసు పొయ్యి ఉన్నా ఆవిడ పెరట్లో ఊక పొయ్యి మానలేదు. రైసుమిల్లు నుంచి బస్తాల్లో ఊక తెప్పించి, పొయ్యి మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ ఊకను పిడికిళ్లతో దట్టించి, సీసాను మెల్లగా తిప్పుతూ పైకి తీసేవారు. ఆ కన్నంలో వెలిగిస్తే పొద్దున్న స్నానాల నీళ్ల దగ్గర నుంచి మధ్యాహ్నం కొరమీను పులుసు దాకా అదే సెగ మీద అయిపోయేవి. పులుసు ఉడికే వాసన, షెడ్డులో కిరసనాయిలు వాసన, డెట్టాల్ వాసన ఆ పెరట్లో దేని దారిన అది ఉండేవి. ఇప్పుడు మా ఫ్లాటులో వాసనంటూ లేదు. కిటికీలు మూసే ఉంటాయి.

మా ఆయనకు పగలంతా ఊరివాళ్ల బళ్లు. అవి అయ్యాక తనదైన బండి ఒకటి ఉండేది. గుద్దుకుని ఎవరికీ అక్కర్లేకుండా పోయిన తెల్ల కారు. దాన్ని తెచ్చి, చెన్నై పాత సామాన్ల బజారులో దొరికిన టర్బో బిగించారు. అదేమిటని అడిగితే నన్ను షెడ్డులోకి తీసుకెళ్లి చూపించారు. ఇంజన్‌లోంచి బయటికి పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం బయటి గాలిని ఇంజన్‌లోకి తోస్తుంది. "మామూలు ఇంజన్ తన ఊపిరి తను పీల్చుకుంటుంది విమలా. దీనికి మనం ఊపిరి కుక్కుతాం. ఎంత కుక్కితే అంత పరుగు. కానీ లోపల తట్టుకోవాలి" అన్నారు. చెన్నై దగ్గర ఒక ట్రాక్ మీద ఏటా ఇలాంటి కార్లకు పందేలు పెడతారట. ఒక్కసారైనా తను చేసిన బండిని అక్కడ నిలబెట్టి తోలాలని ఆయన కోరిక. అంతకుమించి ఆ మనిషి దేన్నీ కోరుకోవడం నేను చూడలేదు.

ఆ ఎండాకాలం నాకు ఐదో నెల. ఒక మధ్యాహ్నం కడుపులో కదలిక తెలియడం లేదని అత్తయ్యగారితో అన్నాను. ఆవిడ పొయ్యి మీది గిన్నె దించి, చేతులు కడుక్కుని, చీర కూడా మార్చుకోకుండా రిక్షా పిలిచారు. తను పనిచేసిన ఆసుపత్రికే తీసుకెళ్లారు. డాక్టరమ్మగారు గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. ఒకచోట విని, జరిపి ఇంకోచోట విన్నారు. తరువాత దాన్ని చెవుల్లోంచి తీసి మెడలో వేసుకుని అత్తయ్యగారి వంక చూశారు. నా వంక చూడలేదు.

ఆ తరువాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అత్తయ్యగారు నాకు వేడినీళ్లు పోసి, కారప్పొడి అన్నం కలిపి, ముద్దలు చేసి పెట్టేవారు. తెల్లవారి ప్రార్థనలో నా పేరు దగ్గర కాసేపు ఆగి, ఏమీ అడక్కుండా తరువాతి పేరుకు వెళ్లేవారు. మా ఆయన మాత్రం ఏడవలేదు. మాట్లాడలేదు. నిద్ర కూడా పోలేదు. పక్కన కళ్లు తెరుచుకుని పడుకుని దూలాల వంక చూసేవారు. నేను కదిలితే కళ్లు మూసుకునేవారు. మనిషి చిక్కిపోయారు. పగలు ఊరి బళ్లు, మిగిలిన పొద్దంతా తెల్ల కారు. ఒకరోజు అత్తయ్యగారు నా చేతికి కాఫీ గ్లాసిచ్చి, "అమ్మాయ్, వాడికి ఇచ్చేసి వెంటనే వచ్చేయకు. కాసేపు అక్కడే కూర్చో" అన్నారు. అలా నేను షెడ్డుకు వెళ్లడం మొదలైంది. మొదట ఊరికే కూర్చునేదాన్ని. తరువాత టార్చి పట్టుకునేదాన్ని. ఆ తరువాత ఏ పానా ఎప్పుడు కావాలో ఆయన అడక్కముందే అందించడం వచ్చేసింది.

కారు పరుగు చూడాలంటే తాడేపల్లిగూడెం వెళ్లాలి. అక్కడ తెల్లదొరల కాలంలో యుద్ధ విమానాల కోసం వేసిన పొడుగాటి రన్‌వే ఉండేది. విమానాలు ఎప్పుడో పోయాయి, సిమెంటు మాత్రం మిగిలింది. పగుళ్లలో గడ్డి మొలిచి, గేదెలు అడ్డంగా పోతూ, ఒకవైపు నడకకొచ్చిన పెద్దవాళ్లు, ఇంకోవైపు డ్రైవింగ్ నేర్చుకునే కొత్తవాళ్లు. ఆదివారం ఇంజన్ ముట్టుకోవడం అత్తయ్యగారికి గిట్టదు కాబట్టి శనివారం పొద్దున్నే వెళ్లేవాళ్లం. మొదటిసారి ఆయన గట్టిగా తొక్కినప్పుడు నా వీపు సీటుకు అతుక్కుపోయింది. చాలా రోజుల తరువాత ఆయన ముఖంలో కాస్త వెలుగు చూశాను. అంతలోనే వెనక అద్దం నిండా తెల్లటి పొగ. ఆపి దిగేసరికి ఆ తియ్యటి వాసన చుట్టూ కమ్మేసింది. నడకకొచ్చిన ఒక రిటైర్డు మేస్టారు చేతికర్రతో గబగబా వచ్చి, "ఏవండీ, మంటలేవైనా అంటుకున్నాయా?" అన్నారు. "లేదండి, నీళ్లు కాలుతున్నాయండి" అన్నారు మా ఆయన. "ఆయ్! నీళ్లు కూడా కాల్తాయాండీ!" అని ఆయన ఆశ్చర్యపోయి, మాకు తన సీసాలోని మంచినీళ్లిచ్చి వెళ్లారు. ఆరోజు ఏలూరు వెళ్లే కూరగాయల వ్యాను వెనక తాడు కట్టించుకుని ఇంటికొచ్చాం. ఇంజన్ ఆయిల్ తీసి చూస్తే పాలు పోసిన టీ రంగులో ఉంది. గ్యాస్కెట్ ఒకచోట నల్లగా కాలి, నీళ్లు లోపలికి దిగాయి.

కొత్త గ్యాస్కెట్ వేశారు. హెడ్డు కాస్త వంగిందేమోనని స్టీలు బద్ద అడ్డంగా పెట్టి, అవతల నన్ను టార్చి పట్టుకోమని, కింద నుంచి వెలుగు వస్తోందేమో కన్ను ఆనించి చూశారు. సన్నటి వెలుగు వచ్చింది. దాన్ని మిషను మీద చదును చేయించి తెచ్చి మళ్లీ బిగించారు. ఇంటి దగ్గర ఎంతసేపు నడిపినా చుక్క కారలేదు. రన్‌వే మీద మామూలుగా పోయినా ఏమీ లేదు. టర్బో పూర్తిగా గాలి తోసేంత గట్టిగా తొక్కితే మాత్రం రేడియేటర్‌లో నీళ్లు పొంగి పక్కనున్న సీసాలోకి తన్నుకొచ్చేవి. రబ్బరు గొట్టం రాయిలా బిగుసుకుపోయేది. "లోపలి ఒత్తిడికి హెడ్డు వెంట్రుకవాసి లేస్తోంది. ఆ సందులోంచి మంట గాలి నీళ్లలోకి పోతోంది. కాలు తీయగానే మళ్లీ కూర్చుంటోంది. అందుకే విప్పి చూస్తే ఏమీ కనపడదు" అన్నారు.

మూడోసారి రాగి వేద్దామన్నారు. విజయవాడ నుంచి రాగి రేకు తెచ్చి, పాత గ్యాస్కెట్‌ను పైన పెట్టి గీసి కత్తిరించారు. కన్నాల అంచులు ఆకురాయితో నున్నగా చేసే పని నాది. అప్పట్లో వరండాలో పిల్లలకు తెలుగు ట్యూషన్ చెప్పేదాన్ని. వాళ్లు పద్యాలు అప్పజెబుతుంటే నేను రాగి రాకుతూ కూర్చునేదాన్ని. కత్తిరించిన రాగి బిరుసుగా ఉంటే సందులు పూడవు. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. అది అత్తయ్యగారి ఊక పొయ్యి మీదే జరిగింది. "ఎర్రబడగానే చెప్పమ్మా" అని ఈయన పట్టకారు పట్టుకుని నిలబడితే, "నా పొయ్యి సంగతి నాకు చెబుతావేంట్రా, పక్కకి జరుగు" అని ఆవిడే పట్టకారు లాక్కుని, రేకును నాలుగువైపులా సమంగా కాల్చి బక్కెట్లో ముంచారు. బుస్సుమని ఆవిరి లేచింది. ఆవిడ దగ్గుతూ నవ్వారు. మేమిద్దరం కూడా నవ్వాం. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ ఇంట్లో ముగ్గురం కలిసి నవ్వడం అదే మొదలు.

బోల్టుల బదులు లావుపాటి స్టడ్డులు వేసి, నడిమి నుంచి చివర్లకు వరుసగా, ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా బిగించారు. అది కొన్ని వారాలు ఆగింది. పందేలు దగ్గర పడుతున్నాయి. ఇక వెళ్లడమే అనుకున్న సమయంలో, మళ్లీ రన్‌వే మీదే, రెండో సిలిండరుకూ మూడో సిలిండరుకూ మధ్యనున్న సన్నటి చోట రాగి కూడా కాలిపోయింది.

ఆ సాయంత్రం హెడ్డు విప్పి పక్కన పెట్టి, ఆయన చేతిలోని పానాను గోడకేసి కొట్టారు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. "ఇంక చాలు విమలా. ఇంక విప్పను. అన్నయ్య కొల్లేటికోట రమ్మంటున్నాడు. చెరువుల మోటార్లు చూసుకుంటూ ఎలాగోలా బతికేద్దాం. నా చేతిలో ఏదీ నిలబడదు" అన్నారు. చివరి మాట కారు గురించి కాదని నాకు తెలుసు. ఇంజన్ మీదకు వంగి చూస్తూ నిలబడ్డాను. పిస్టన్ అంచున ఎవరో ఇసుక విసిరినట్టు చిన్న చిన్న గుంటలు కనిపించాయి. మాట మార్చడానికి, "ఈ మచ్చలేంటండీ? ఇంతకుముందు లేవు కదా" అన్నాను. ఆయన రాలేదు. మళ్లీ అడిగాను. అప్పుడు వచ్చి టార్చి తీసుకుని చాలాసేపు చూశారు. "గ్యాస్కెట్ తప్పు కాదు" అన్నారు మెల్లగా. "లోపల పెట్రోలు మంట దాని వేళకు రావడం లేదు. ముందే పేలుతోంది. ఆ దెబ్బలకే హెడ్డు ఎగురుతోంది. ఏ రేకు వేసినా అంతే. నేను రేకులే మారుస్తున్నాను."

అయితే ఆ పేలుడు ఎప్పుడు మొదలవుతుందో తెలియాలి. తెలిస్తే నిప్పురవ్వ కాస్త ఆలస్యంగా పడేలా తిప్పుకోవచ్చు, టర్బో గాలి తగ్గించుకోవచ్చు, ఆ గాలిని చల్లబరిచే పెట్టె ముందు బిగించుకోవచ్చు. కానీ ఇంజన్ హోరులో ఆ శబ్దం వినపడదు. ఆయన నాకు అది చెబుతుంటే గడప దగ్గర నిలబడి వింటున్న అత్తయ్యగారు లోపలికి వెళ్లి పెట్టె తెరిచి, ఆసుపత్రిలో పాతదని పక్కన పడేస్తే తెచ్చుకున్న స్టెతస్కోపు తెచ్చి కొడుకు చేతిలో పెట్టారు. తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయారు. ఆయన ఇంకో రాగి రేకు వేసి హెడ్డు బిగించి, ఒక రాగి గొట్టం చివర చదును చేసి ఇంజన్ బ్లాకుకు బిగించి, దానికి రబ్బరు పైపు తొడిగి, కారు లోపలికి తెచ్చి, రెండో కొసకు ఆ చెవి గొట్టాలు తగిలించారు. తోలేవాడు వినలేడు. పక్క సీట్లో కూర్చున్నవాళ్లే వినాలి.

శనివారం రన్‌వే మీద కారు ఆపి, ఆయన ఆ చెవి గొట్టాలు నాకు అందించబోయి ఆగిపోయారు. చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. "నువ్వొద్దులే విమలా. వచ్చే వారం ఇంకెవరినైనా తీసుకొస్తాను" అన్నారు నా వంక చూడకుండా. ఆసుపత్రి గది మా ఇద్దరికీ ఒకేసారి కళ్లముందు కదిలింది. "ఇంకెవరూ వద్దండి. నేనే వింటాను" అని ఆయన చేతిలోంచి తీసుకుని చెవులకు పెట్టుకున్నాను. మొదట హోరు. తరువాత ఏదో పెద్ద తేనెపట్టు దగ్గర నిలబడ్డట్టు రొద. ఆయన తొక్కారు. టర్బో ఈల మొదలైంది. ఆ ఈల లోపల, రేకు డబ్బాలో బియ్యపు గింజలు వేసి ఆడించినట్టు గరగరమంది. "ఇదిగో! ఇప్పుడే!" అని ఆయన భుజం మీద కొట్టాను. కాలు తీశారు. దిగి, బానెట్ ఎత్తి, నిప్పు వేళ కాస్త వెనక్కి తిప్పారు. మళ్లీ వెళ్లాం. మళ్లీ గింజలు, కానీ తక్కువ. టర్బో గాలి కొంచెం తగ్గించారు. మళ్లీ వెళ్లాం. పక్కనే డ్రైవింగ్ నేర్చుకునే బండి ఒకటి ఆగుతూ ఆగుతూ పోతోంది. గేదెలు పక్కకి తొలిగాక ఆయన ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే ఊపున తోలారు. నేను కళ్లు మూసుకుని విన్నాను. రొద ఉంది, ఈల ఉంది. గింజలు లేవు.

కారు ఆపి, "వినిపించిందా?" అన్నారు.

"లేదండి. ఏమీ వినిపించలేదు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక మా ఇద్దరికీ దాని బరువు తెలిసింది. ఆయన స్టీరింగు మీద తల ఆనించారు. భుజాలు కదిలాయి. మొదట అర్థం కాలేదు. తరువాత ఆ ఏడుపు బయటికొచ్చింది. అన్ని నెలలుగా ఎక్కడ దాచుకున్నారో, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేను చెవి గొట్టాలు తీసి, ఆయన తలను నా ఒళ్లోకి తీసుకున్నాను. అప్పుడు నేనూ ఏడ్చాను. "ఆడపిల్లట కదా" అన్నారు ఆయన. "ఆసుపత్రిలో అమ్మను అడిగాను. నీకు చెప్పలేదు." "నాకూ తెలుసండి. నేనూ అడిగాను" అన్నాను. రన్‌వే నడిబొడ్డున ఆగిపోయిన మా కారు పక్క నుంచి ఆ నేర్చుకునే బండి మెల్లగా చుట్టు తిరిగి పోయింది. అందులోని కుర్రాడు హారను కొట్టబోయి మానేశాడు.

మరో రాగి రేకు కత్తిరించి, కాల్చి, బిగించుకుని చెన్నై వెళ్లాం. పందెంలో ఆయన గెలవలేదు. మాకంటే పెద్ద బళ్లు, డబ్బున్నవాళ్లవి, చాలా వచ్చాయి. కానీ పరుగెత్తిన ప్రతిసారీ మా తెల్ల కారు గీత దాటింది. ఆఖరి పరుగయ్యాక ఆయన చల్లారేదాకా ఆగి, గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత తిప్పి, లోపలికి చూసి, నన్ను పిలిచి చూడమన్నారు. నీళ్లు మెడ దాకా నిండుగా, పచ్చగా ఉన్నాయి. అక్కడ కప్పులు అందుకుంటున్నవాళ్లెవరి ముఖంలోనూ ఆయన ముఖంలో ఉన్న తృప్తి లేదని ఇప్పటికీ అనుకుంటాను.

తరువాతి సంగతులు ఎక్కువ లేవు. మాకు మళ్లీ కూతురు పుట్టింది. ఇప్పుడు తణుకులో బ్యాంకులో చేస్తోంది. నేను తోలుతున్న కారు అది కొనిపెట్టిందే. తెల్ల కారును పాప పుట్టాక ఆయనే ఇష్టపడి ఒక కుర్రాడికి ఇచ్చేశారు. అత్తయ్యగారు నిండుగా బతికి వెళ్లారు. ఆయన మాత్రం తొందరపడ్డారు. ఊపిరితిత్తులకు జబ్బు చేసి, కొద్ది నెలల్లోనే పోయారు. తాడేపల్లిగూడెం రన్‌వే ఇప్పుడు నేను ఎరిగినట్టు లేదు. గోడలు లేచాయి, భవనాలొచ్చాయి. ఒకప్పుడు ఒక్కడి పిచ్చి అనిపించుకున్న టర్బో ఇప్పుడు కూరగాయలకు వెళ్లే చిన్న కారులో కూడా ఉంది. గ్యాస్కెట్ పోతే మార్చేసి సాయంత్రానికల్లా ఇస్తారు. మంచిదే. ఎవరూ అంత కష్టపడక్కర్లేదు. అయినా ఆ అద్దాల గదిలో కూర్చున్నంతసేపూ నాకు ఆ కష్టమే కావాలనిపించింది. ఆ నల్లటి చేతులు, ఆ చేతుల పక్కన నా చేతులు, దేన్నో ఇద్దరం కలిసి విప్పి మళ్లీ బిగించే ఆ పని కావాలనిపించింది.

అన్నిటికంటే ఎక్కువగా, చెన్నై నుంచి తిరిగొచ్చిన ఆ రోజు కావాలనిపిస్తుంది. పొద్దున్నే బయల్దేరాం. ఒంగోలు దాటాక ఆయన కారు పక్కకి ఆపి, "కాసేపు నువ్వు తోలతావా?" అన్నారు. అంతకుముందు నన్ను రన్‌వే మీద తప్ప తోలనిచ్చేవారు కాదు. సీట్లు మారాం. కృష్ణ దాటేసరికి ఆయన తల కిటికీ వైపు వాలింది. ఎండాకాలం నుంచీ కంటినిండా నిద్రలేని మనిషి, నోరు కొద్దిగా తెరుచుకుని, చేతులు ఒళ్లో వదిలేసి, గాఢంగా నిద్రపోయారు. గతుకు రాగానే నేనే ఊపిరి బిగబట్టేదాన్ని. ఏలూరు వచ్చింది. మా వీధి మలుపు వచ్చింది. ఆపితే ఇంజన్ ఆగుతుంది, ఆగితే లేస్తారు. మలుపు తిప్పలేదు. ఊళ్లోంచి నెమ్మదిగా కైకలూరు రోడ్డెక్కాను.

సాయంత్రమవుతోంది. రోడ్డుకు రెండువైపులా కొల్లేరు. గట్ల మీద తుంగ వంగి లేస్తోంది. దోనెలో ఎవరో నిలబడి గెడ వేస్తున్నారు. నీళ్ల మీద తెల్లటి కొంగలు గుంపుగా దిగుతున్నాయి. నేను చాలా నిదానంగా, మేతకు పోయిన గేదెలు ఇంటికొచ్చేంత నిదానంగా తోలుతున్నాను. వెనక నుంచి వచ్చిన చేపల వ్యాన్లు మమ్మల్ని దాటుకుని పోతున్నాయి. ఎక్కడో ఆయన కాస్త కదిలారు. కళ్లు తెరవకుండానే, "ఇల్లొచ్చేసిందా విమలా?" అన్నారు.

"ఇంకా లేదండి. చాలా దూరం ఉంది. పడుకోండి" అన్నాను.